థిన్నర్ ఘాటుకు తలనొప్పి, రాత్రిళ్లు దగ్గు... క్యాన్సర్‌కు దారితీస్తుందా?

ప్రశ్న: నా వయసు 36. చాలా ఏళ్లుగా చెక్క ఫర్నిచర్‌కు స్ప్రే గన్‌తో పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కొట్టే పని చేస్తున్నాను. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. మూడు నెలలుగా రాత్రిళ్లు పొడిదగ్గు, పిల్లికూతలు. చేతులు పగులుతున్నాయి. సిగరెట్ అలవాటు లేదు. ఈమధ్య మా ఆవిడ బ్లీచింగ్, యాసిడ్ కలిపి బాత్రూమ్ కడుగుతూ ఉక్కిరిబిక్కిరైంది. నాకు క్యాన్సర్ వస్తుందా? ఒంట్లో చేరిన విషాలు పోవడానికి డీటాక్స్ మందులు వాడొచ్చా? ఏ పరీక్షలు చేయించుకోవాలి?
- ఒక పాఠకుడు

జవాబు: మీ భయమంతా క్యాన్సర్ గురించి. నేనైతే ముందు మీ రాత్రి దగ్గు సంగతి చూడమంటాను. పని దగ్గర బాగానే ఉండి ఇంటికొచ్చాక దగ్గు వస్తే, దానికీ పనికీ సంబంధం లేదనుకుంటారు చాలామంది. పీయూ పాలిష్‌లో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వృత్తిపరమైన ఆస్తమాకు ఇవి పేరుమోసిన కారణం. ఏళ్ల తరబడి ఏమీ కాకుండా ఉండి, ఒక దశలో ఇవి ఒంటికి పడకుండా పోతాయి. అక్కడి నుంచి కొద్దిపాటి తుంపర తగిలినా ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. అదీ వెంటనే కాకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత, అంటే సరిగ్గా మీరు పడుకునే వేళకు మొదలవచ్చు.

ఇది తేల్చడానికి మీ చేతిలోనే ఒక ఆధారం ఉంది. సెలవు రోజుల్లో దగ్గు తగ్గుతోందా? మళ్లీ పనిలోకి వెళ్లగానే పెరుగుతోందా? రాసిపెట్టుకోండి. పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గరకు వెళ్లి, మీరు వాడే పాలిష్, హార్డ్‌నర్, థిన్నర్ డబ్బాల లేబుళ్లను ఫొటో తీసి చూపించండి. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష చేస్తారు. అది ఒక్కోసారి నార్మల్‌గా వచ్చినా ఆస్తమా లేదని కాదు. అందుకే గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకు నాలుగుసార్లు చొప్పున సుమారు నాలుగు వారాలు ఊది, రీడింగులు రాయమంటారు. విసుగు పుట్టించే పనే, కానీ ఖరీదైన ఫుల్ బాడీ చెకప్ చెప్పలేనిది ఇది చెబుతుంది. జబ్బు ఐసోసయనేట్ల వల్లేనని తేలితే ఇన్‌హేలర్ వాడుకుంటూ అదే స్ప్రే కొడతానంటే కుదరదు. వాటికి పూర్తిగా దూరం కావాలి. ఎంత త్వరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. ఈ మాట మీ బతుకుతెరువుకు సంబంధించిందని తెలుసు. అయినా దాచి చెప్పలేను.

తల దిమ్ము థిన్నర్‌లోని టోలీన్, జైలీన్ వంటి ద్రావకాల వల్ల కావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఎన్95 మాస్కు కూడా ధూళిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, దాని కార్ట్రిడ్జ్‌లను వేళకు మార్చాలి. ఐసోసయనేట్ స్ప్రేకు అదీ చాలదు, బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందే మాస్కే సరైనది. వాసన రాకపోతే ప్రమాదం లేదనుకోకండి. ఐసోసయనేట్ల వాసన మన ముక్కుకు తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది.

ఇక క్యాన్సర్. పెయింటర్ వృత్తిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ కారకం’గా గ్రూప్ 1లో చేర్చింది. ఆధారాలు బలంగా ఉన్నాయని దానర్థం, ఆ పని చేసేవారందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. ముప్పు ఎంత మోతాదులో, ఎన్నేళ్లు పీల్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఈరోజు నుంచి తగ్గించుకున్నదంతా లాభమే. మీరు సిగరెట్ తాగకపోవడం పెద్ద మేలు.

డీటాక్స్ మందుల జోలికి వెళ్లకండి. మీరు పీల్చిన ద్రావకాలను లివర్, కిడ్నీలు, ఊపిరితిత్తులు వాటంతటవే బయటికి పంపుతాయి. రేపు మళ్లీ పీలిస్తే ఏ పొడీ ఆపలేదు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, వాటిని గీకే పని కూడా చేస్తుంటే మాత్రం రక్తంలో సీసం పరీక్ష అడిగి చేయించుకోండి. ఇంట్లో పిల్లలుంటే పని బట్టలతో వాళ్లను ఎత్తుకోవద్దు, ఆ బట్టలు విడిగా ఉతకండి.

చేతులు థిన్నర్‌తో కడుక్కుంటున్నారు కదూ? చర్మంలోని నూనెను అది ఊడ్చేస్తుంది, పగుళ్లలోంచి లోపలికీ పోతుంది. సబ్బుతో కడిగి వాజలైన్ రాయండి. పనిలో నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, థిన్నర్‌లో నానిన గ్లవ్స్‌ను వెంటనే పారేయండి.

మీ ఆవిడను ఉక్కిరిబిక్కిరి చేసింది క్లోరిన్ వాయువు. బ్లీచింగ్‌కు యాసిడ్ తగిలితే అది పుడుతుంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు, ఒకదాని వెంట ఒకటి పోయడమూ తప్పే. మళ్లీ అలా జరిగితే శుభ్రం చేయడానికి ఆగకుండా తలుపు తెరిచి బయటికి రావాలి. ఆ తర్వాత కొన్ని గంటలకు ఆయాసం మొదలైనా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ఆమెకు దగ్గు ఇంకా తగ్గకపోతే మీతోపాటు తీసుకెళ్లి అదే డాక్టరుకు చూపించండి.