లింకు తెరుచుకుంటే చాలదు

ప్రశ్న: డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌లో అనుబంధ ప్రాజెక్టుల వివరాలు పాతబడితే మాలాంటివాళ్లం సరిదిద్దవచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, భీమవరం

జవాబు: తప్పకుండా, అమ్మా. సోర్సు కోడ్‌లోని డాక్ ఫోల్డర్‌లో ‘ఎక్స్‌టర్నల్ ప్రాజెక్ట్స్’ ఫైలు ఉంటుంది. దాన్ని ముట్టుకునే ముందు ఆ ప్రాజెక్టు రిపాజిటరీ (కోడ్ ఉంచే చోటు) చూడండి: ఆర్కైవ్ చేశారా (అంటే పని ఆపేసి, చూడటానికి మాత్రమే ఉంచారా), చివరి విడుదల ఎప్పుడు, లైసెన్సు మారిందా? లింకు తెరుచుకుంది కదా అని నమ్మొద్దు. గడువు తీరిన డొమైన్‌ని వేరేవాళ్లు కొనుక్కున్నా పేజీ వస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

వెర్షన్ నంబర్లు రాయకండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ని నిర్వహించే పీజీఅడ్మిన్ 3 స్థానంలో 2016లో 4 వచ్చేసరికి, నంబరు వేసుకున్న నోట్సన్నీ పాతబడ్డాయి. పేరు, చేసే పని, అధికారిక చిరునామా చాలు.

మార్చాక డాక్ సోర్సు ఫోల్డర్‌లో ‘మేక్ చెక్’ కమాండ్ నడపండి. ఫైలులో మూయని మార్కప్ ట్యాగులుంటే అక్కడే బయటపడతాయి. ప్రతి మేజర్ వెర్షన్‌కీ 5 ఏళ్ల మద్దతు ఉంటుంది కాబట్టి, పాత బ్రాంచీల్లోనూ (పాత వెర్షన్ల కోడ్‌లోనూ) అదే తప్పుందేమో చూసి, మీ మార్పుల ఫైలైన ప్యాచ్‌తోపాటు రాయండి.