జింకల మడిలో అలసందకు తోడు ఏ పంట వేయాలి?

"అన్నా, అట్లాంటాకు గంటన్నర దూరంలో 12 ఎకరాలు కొన్నాం. వేసవిలో జింకల కోసం ఫుడ్ ప్లాట్, అంటే అవి వచ్చి మేసే మడి, వేద్దామనుకుంటున్నాం. విత్తనాల షాపులో అలసంద, ల్యాబ్‌ల్యాబ్, జొన్న, సన్‌ఫ్లవర్, సన్ హెంప్ అన్నీ కలిపిన సంచి ఒకటి చూపించారు. అది చల్లేస్తే సరిపోతుందా? లేక ఒక్క అలసంద చాలా?"

ఈ మధ్య జార్జియాలో భూమి కొన్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పేర్లు చూసి కంగారు పడకండి. ల్యాబ్‌ల్యాబ్ అంటే మన అనుములు, చిక్కుడు జాతి. సన్ హెంప్ అంటే మన ఊళ్లలో పచ్చిరొట్టగా వేసి పొలంలో కలియదున్నే జనుము. అలసందను మీలో కొందరు బొబ్బర్లు అంటారు. ఇక్కడి ఎర్రమట్టి కూడా చూడ్డానికి మన చెలకలాగే ఉంటుంది. జొన్నలో కంది, అనుము కలిపి విత్తే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఒకటే. అక్కడ గింజ మనం కోసుకోవాలని వేస్తాం, ఇక్కడ ఆకు జింక తినాలని వేస్తాం. తోడు పంట ఎంపిక కూడా దీన్ని బట్టే మారుతుంది.

మొదటి ఏడు నేను అర ఎకరంలో ఒక్క అలసందే చల్లాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. పది రోజులకు వెళ్లి చూస్తే నేల మళ్లీ ఎర్రగా కనిపించింది. అలసంద, సోయా మొక్కలు లేతగా ఉన్నప్పుడు జింక బీజదళాల కింద కొరికిందంటే ఆ మొక్క ఇక లేవదు. అర ఎకరం మడికి రోజూ అరడజను జింకలు వస్తే మొక్కకు పెరిగే సమయమే దొరకదు. కాబట్టి తోడు పంట చేయాల్సిన మొదటి పని, అలసంద వేరూనుకునే దాకా ఆ ఒత్తిడిని కాస్త పంచుకోవడం. రెండో పని, తీగ పాకడానికి ఆసరా ఇవ్వడం. ఈ రెండు పనుల్లో ఏదీ చేయని పంట ఆ మడిలో ఎందుకని అడగాలి.

ఆసరాకు నా ఓటు జొన్నకే. జొన్న ఆకు మీద జింకకు పెద్ద మోజు లేదు, కంకి పాలు పోసుకున్నాక మాత్రం కొన్ని తింటాయి. అందుకని కాడ నిలబడుతుంది, అలసంద, అనుము తీగలు దాని మీదికి పాకుతాయి, గింజ అడవి టర్కీలకూ క్వెయిల్ పిట్టలకూ దక్కుతుంది. సన్‌ఫ్లవర్ అలా కాదు. లేత సన్‌ఫ్లవర్ అంటే జింకలకు మహా ఇష్టం. జింకలు ఎక్కువున్న చోట దాన్ని ఆసరాగా నమ్ముకుంటే ఆసరానే తినేస్తాయి. మొక్కజొన్న కాడ గట్టిదే, కానీ మీ చుట్టుపక్కల అడవి పందులు తిరుగుతుంటే దాని జోలికి వెళ్లకండి, మడి మొత్తం తవ్వి పోస్తాయి.

జొన్న మోతాదు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. ఎకరాకు నాలుగైదు పౌండ్లు అంటే "ఇంత తక్కువా" అనిపించి పదిహేను పౌండ్లు పోశాను. జులై కల్లా జొన్న దట్టంగా లేచి, కింద అలసంద నీడలో పాలిపోయింది. ఇప్పుడు నేను ఎకరాకు వేసేది ఇదీ: అలసంద 30 నుంచి 40 పౌండ్లు, అనుము 8 నుంచి 10 పౌండ్లు, జొన్న 4 పౌండ్లు. అనుము మొదట్లో బాగా నెమ్మదిగా పెరుగుతుంది, దాన్ని చూసి దిగులు పడొద్దు. వేరు దిగాక ఎండకు తట్టుకుంటుంది, కొరికినా మళ్లీ చిగురిస్తుంది. ఆగస్టులో అలసంద అలిసిపోయే వేళకు అనుము అందుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి వేయడానికి ఇదే అసలు కారణం.

జనుము సంగతి విడిగా చెప్పాలి. వేగంగా లేస్తుంది, ఆకు జింకలు తింటాయి, తల కొరికితే పక్క కొమ్మలు వేస్తుంది. ఎకరాకు 5 నుంచి 8 పౌండ్లు మించితే అదీ జొన్నలాగే నీడ పరుస్తుంది. అమెరికాలో విత్తే ట్రాపిక్ సన్ అనే రకాన్ని 1983లో హవాయిలో విడుదల చేశారు. జార్జియా అంత ఉత్తరాన అది గింజ కట్టడం అరుదు కాబట్టి పొలమంతా వ్యాపిస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. దీని చుట్టాల్లో విషపు రకాలున్నాయి, అందుకే దారి పక్కన కనిపించిన జనుము లాంటి మొక్క గింజలు ఏరుకొచ్చి చల్లకండి.

బక్‌వీట్ (హిందీలో కుట్టు అనే గింజ పంట) గురించి కూడా అడుగుతున్నారు. నాలుగైదు రోజుల్లో మొలిచి, నెల తిరిగే సరికి పూస్తుంది. కొన్నాళ్లు జింకల నోటిని అటు తిప్పుతుంది. ఎకరాకు పది పౌండ్లు కలపండి, అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు షాపులో చూసిన సంచి సంగతి. నేను వద్దనడానికి కారణం కలుపు. పప్పుజాతి పంటలు, సన్‌ఫ్లవర్ మాత్రమే ఉన్న మడిలో గడ్డి లేస్తే క్లెథోడిమ్ అనే మందు కొట్టొచ్చు, అది గడ్డి జాతినే చంపుతుంది. కానీ ఆ సంచిలోలా మడి అంతటా జొన్న కలిసి ఉంటే? జొన్న కూడా గడ్డి జాతే, అదీ పోతుంది. అలాగే రౌండప్ అనే కలుపు మందును తట్టుకునే సోయాలో అలసంద కలిపితే, రౌండప్ కొట్టిన రోజు సోయా మిగిలి అలసంద చస్తుంది. అంటే తోడు పంటను ఎంచుకున్న రోజే ఆ ఏడు ఏ కలుపు మందు వాడగలరో కూడా తేలిపోయినట్టే. మీ నేలలో బెర్ముడా గడ్డి, జాన్సన్ గడ్డి ఉంటే జొన్నను అంతటా చల్లకుండా పట్టీలుగా వేయండి. నాలుగు బారల పప్పుజాతి, ఒక బార జొన్న. అప్పుడు జొన్న పట్టీ వదిలి మిగతా చోట మందు కొట్టుకోవచ్చు. ఏ మందైనా లేబుల్ మీద మీ పంట పేరు ఉందో లేదో చదివాకే డబ్బా మూత తీయండి.

మట్టి పరీక్ష మాత్రం మానకండి. దాదాపు ప్రతి కౌంటీలో రైతులకు సలహాలిచ్చే యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది, కొద్ది డాలర్లతో పనైపోతుంది. ఇక్కడి ఎర్రమట్టి పులుపు ఎక్కువ. పీహెచ్ 6కు పైన ఉండాలి, లేకపోతే సున్నం వేయాలి. సున్నం పని చేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ముందటి శరదృతువులోనే చల్లుకోవాలి. యూరియా వేయకండి, అది పప్పుజాతికి అక్కర్లేదు, గడ్డి బలిసిపోతుంది. విత్తనానికి రైజోబియం కల్చర్ (గాలిలోని నత్రజనిని పప్పుజాతి వేళ్లకు అందించే బాక్టీరియా పొడి) పట్టించండి. అలసంద, అనుము, జనుము మూడింటికీ అలసంద గ్రూపు కల్చర్ ఒకటే సరిపోతుంది, సోయాకు వేరేది కావాలి.

విత్తే వేళ నేల వేడి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి. మధ్య జార్జియాలో ఏప్రిల్ ఆఖరు నుంచి మే చివరి దాకా అనుకోండి. పెద్ద గింజలు ముందు చల్లి తేలిగ్గా డిస్క్ తిప్పితే అంగుళం లోతుకు వెళ్తాయి. జొన్న ఆ తర్వాత చల్లి రోలర్ తిప్పండి. అన్నీ ఒకే డబ్బాలో పోసి చల్లితే ఒక పక్కకు ఒకటి, ఇంకో పక్కకు ఇంకొకటి పడతాయి.

ఇంకో రెండు మాటలు, మనవాళ్లకు ప్రత్యేకంగా. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చిందని అనుము, జనుము గింజలు సూట్‌కేసులో పెట్టుకు రాకండి. విత్తేందుకు తెచ్చే గింజలకు చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తెస్తే జరిమానా పడుతుంది. ఇండియన్ స్టోర్ అలసందలు మొలవొచ్చు కానీ అవి ఎక్కువగా పొట్టి రకాలు, తొందరగా కాసి అయిపోతాయి. మీకు కావాల్సింది తీగ సాగుతూ శరదృతువు దాకా ఆకు వేసే రకం, ఐరన్ అండ్ క్లే అని అడగండి. రెండోది, విత్తనం సంచిలో ఎర్రగానో నీలంగానో రంగు పూసిన గింజలుంటే అది మందు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు గ్యారేజీలో అలసందలు కనిపించాయని నానబెట్టే ప్రమాదం నిజంగా ఉంది. సంచి మీద తెలుగులో రాసి, పైన అరలో పెట్టండి.

"ఇంత కష్టమెందుకు, మొక్కజొన్న కుప్ప పోస్తే సరిపోదా" అని ఒక తమ్ముడు అడిగాడు. పొట్ట నిండుతుంది, కానీ వేసవిలో పాలిచ్చే తల్లి జింకకూ, కొమ్ములు పెరిగే మగ జింకకూ కావాల్సింది ప్రొటీన్. అది పప్పుజాతి ఆకులో ఉంటుంది, మొక్కజొన్నలో తక్కువ. పైగా కుప్ప దగ్గర అన్నీ మూతులు ఆనించి తింటాయి. జింకలను చంపే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే అంటుజబ్బు 2025 జనవరిలో జార్జియాలో మొదటిసారి, లేనియర్ కౌంటీలో బయటపడింది. ఆ రోజు నుంచి నేను కుప్ప పోయడం పూర్తిగా మానేశాను.

మడి ఎకరం కన్నా చిన్నదైతే ఏ తోడు పంటా ఒంటరిగా కాపాడలేదు. ఆరేడు వారాలు కరెంటు కంచె కట్టి, తీగలు అల్లుకున్నాక తీసేయండి. పెద్ద మడైనా సరే, విత్తిన రోజే మధ్యలో ఒక చోట ఇనుప వలను గుండ్రంగా చుట్టి, నాలుగడుగుల వెడల్పున బోనులా పాతండి. జులైలో వెళ్లి బోను లోపల, బయట పోల్చి చూడండి. లోపల తీగ నడుమెత్తు ఉండి బయట మొండి కాడలే కనిపిస్తే, వచ్చే ఏడు అలసంద కాస్త తగ్గించి అనుము పెంచండి, వీలైతే మడిని ఇంకో అర ఎకరం విస్తరించండి. లోపలా బయటా ఒకేలా పాలిపోయి ఉంటే అది జొన్న నీడ వల్ల కావచ్చు, జొన్న ఒక పౌండు తగ్గించి చూడండి.