వానలో కారు ముందద్దానికి నీటిని జార్చే పూత పనిచేస్తుందా? పనిచేస్తుంది, కానీ ముందు అద్దం మీది జిడ్డు సంగతి చూడండి

"వానాకాలంలో తరచూ రాత్రి ప్రయాణాలు చేస్తాను. ముందద్దం మీద నీరు నిలవకుండా చేసే పూత వేయించమంటున్నారు. వేయించాలా?" అని అడిగారు. హైవే మీద వెళ్లేవారైతే వేయించండి. కానీ రేపు ప్రయాణం పెట్టుకుని ఈ రోజు వేయించకండి. నేను ఆ పని చేసి, ఇంటిల్లిపాదినీ ప్రమాదం అంచు దాకా తీసుకువెళ్లాను.

మూడేళ్ల కిందటి ఆగస్టు. మరునాడు విజయవాడలో మేనకోడలి ఓణీల వేడుక. సాయంత్రం కారు కడిగించడానికి వెళితే, అక్కడి కుర్రాడు 600 రూపాయలకు అద్దానికి పూత వేస్తానన్నాడు. "వైపర్ అవసరమే ఉండదు సార్" అన్నాడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు చాలాకాలంగా రెయిన్-ఎక్స్ అనే ఇలాంటి పూతే వాడుతూ ఇదే మాట చెబుతుంటాడు కాబట్టి సరేనన్నాను. అతను అద్దాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ద్రవం రాసి, మళ్లీ తుడిచి ఇచ్చాడు. పది నిమిషాల్లో పని పూర్తయింది.

రాత్రి ఎనిమిదింటికి హైదరాబాద్ ఎల్.బి.నగర్ నుంచి బయలుదేరాం. నా పక్కన మా ఆవిడ, వెనక సీటులో అమ్మ, పిల్లవాడు. చౌటుప్పల్ దాటాక వాన అందుకుంది. మొదటి అరగంట చూడముచ్చటగా ఉంది. 80 దాటిన వేగంలో చినుకులు ముత్యాల్లా గుండ్రంగా మారి అద్దం మీదుగా పైకి పరుగెత్తి పోతుంటే పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. నేను వైపర్ ఆపేశాను.

కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర వేగం తగ్గగానే ముత్యాలు ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. వేల చుక్కలు. ఎదురుగా వచ్చే లారీ లైటు ప్రతి చుక్కలోనూ వెలుగుతోంది. వైపర్ వేస్తే ఇంకో కష్టం. రబ్బరు జారకుండా అద్దాన్ని పట్టుకుని గరగరమని ఎగురుతూ కదులుతోంది. అది కదిలిన ప్రతిసారీ వెనకాలే పాలు పూసినట్టు తెల్లటి పొర పరుచుకుని, ఒక్క క్షణం తర్వాత గానీ విడిపోదు. ఆ ఒక్క క్షణం నాకు రోడ్డు లేదు. "ఏమండీ, ఎక్కడైనా ఆపండి" అని మా ఆవిడ అంటూనే ఉంది. సూర్యాపేట దాటాక ఆపుదామనుకున్నాను.

సూర్యాపేట దాటిన కొద్దిసేపటికి ఎడమవైపు అంచున ఒక లారీ ఆగి ఉంది. వెనక లైట్లు లేవు, ఎర్రగా మెరిసే పట్టీ కూడా లేదు. తెల్లపొర విడిపోయేసరికి అది కారుకు మూడు నాలుగు బారల దూరంలో ఉంది. ఎలా తప్పించానో ఇప్పటికీ చెప్పలేను. వెనక సీటు మీది స్టీలు క్యారియర్ ఎగిరి కింద పడి పులిహోర అంతా చిందింది. అమ్మ పిల్లవాణ్ని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అలా లైట్లు లేని లారీని రోడ్డు మీద వదిలేసేవారిని ఎందుకు ఉపేక్షిస్తున్నారో నాకు అర్థం కాదు. వానలో ఇండికేటర్లు నాలుగూ వెలిగించుకుని నడిపేవారి మీద కూడా నాకు అంతే కోపం. ఆ నాలుగు లైట్లు ఆగిన బండికి గుర్తు. నడుస్తున్న బండి వాటిని వెలిగిస్తే అది ఆగిందో కదులుతోందో, ఎటు తిరుగుతుందో వెనకవాళ్లకు ఎలా తెలుస్తుంది?

మునగాల దగ్గర పెట్రోలు బంకులో ఆపాం. పక్కనే ఒక పెద్దాయన లారీ క్యాబిన్ ముందుకెక్కి అద్దానికి తడి పొగాకు రుద్దుతున్నాడు. అద్దం మీద నీరు చుక్కలు కట్టకుండా పలచగా జారిపోవడానికి లారీవాళ్లు ఎప్పటినుంచో చేసే పని అది. కోసిన బంగాళదుంప రుద్దేవాళ్లూ ఉన్నారు. నా అద్దాన్ని ఆయన వేలితో ఒకసారి గీసి చూశాడు. వేలికి జిడ్డు అంటింది. "నూనె మీద నూనె పూశారు బాబూ. నీళ్లను తరమకూడదు, పరుచుకోనివ్వాలి" అన్నాడు. బంకు పక్కన కిరాణా కొట్లో షాంపూ పొట్లాలు నాలుగు కొని, మా ఆవిడ టార్చి పట్టుకుంటే పాత దినపత్రికతో అద్దం, వైపర్ రబ్బరు రెండూ రుద్ది కడిగాను. పూత కొంత మిగిలే ఉంది కానీ తెల్లపొర పోయింది. అక్కడి నుంచి విజయవాడ దాకా 50 దాటకుండా వెళ్లాం.

ఆ పెద్దాయన మాట నా బుర్రలో ఉండిపోయింది. గాజుకు సహజంగా నీరంటే ఇష్టం. శుభ్రమైన గాజు మీద నీరు పలచని పొరలా పరుచుకుంటుంది, దాని గుండా చూపు బాగానే సాగుతుంది. ఎక్కువ పూతల్లో ఉండే సిలికోన్ ఆ స్వభావాన్ని తిప్పేస్తుంది, నీరు అంటుకోలేక చుక్కలవుతుంది. చుక్కలను తోసుకుపోవలసింది గాలి. గంటకు 60, 70 కిలోమీటర్లు దాటితేనే గాలికి ఆ బలం వస్తుంది. మా తమ్ముడు తిరిగే ఫ్రీవేల మీద వేగం 65 మైళ్లు, అంటే 100 కిలోమీటర్ల పైమాట. అతను చెప్పింది అక్కడ నిజం. అమీర్‌పేటలో 15 కిలోమీటర్ల వేగంతో పాకే కారుకు అదెలా నిజమవుతుంది? ఒకప్పుడు బోయింగ్ విమానాల్లో వాన పడితే ముందద్దం మీదకు ఇలాంటి ద్రవాన్ని చిమ్మే ఏర్పాటు ఉండేది, తర్వాత అద్దానికే పూత వేసే పద్ధతి వచ్చింది. అంత వేగంగా పోయే విమానానికి కూడా వైపర్లు తీసేయలేదు. "వైపర్ అవసరం ఉండదు" అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

అసలు దోషి జిడ్డు. ముందుపోయే బండ్ల పొగ, రోడ్డు మీది నూనె తుంపర, కారుకు పూసిన మైనం, బంకులో కుర్రాళ్లు అందరి అద్దాలకూ వాడే ఒకే మురికిగుడ్డ, అన్నీ కలిసి అద్దం మీద పొరగా పేరుకుంటాయి. పగలు కనిపించదు. రాత్రి, వానలో, ఎదుటి లైటు పడినప్పుడే బయటపడుతుంది. దాని మీద పూత వేస్తే జిడ్డును భద్రపరిచినట్టే. అందుకే ఇప్పుడు నేను ముందు షాంపూతో కడిగి, సీరియం ఆక్సైడ్ అనే మెరుగుపెట్టే సన్నటి పొడి ఉన్న గాజు పాలిష్‌ను స్పాంజితో ఓపికగా రుద్దుతాను. గంట పడుతుంది, భుజం నొప్పి పుడుతుంది. తర్వాత నీళ్లు పోసి చూస్తాను. నీరు ఎక్కడా విడిపోకుండా అద్దమంతా ఒకే పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. ఎక్కడైనా విడిపోయి దీవులు కడితే అక్కడ మళ్లీ రుద్దాలి. బోరు నీళ్ల మరకలు కూడా ఈ దెబ్బతోనే పోతాయి. అద్దం పూర్తిగా ఆరాక, నీడలో, వేడి లేనప్పుడు పూత వేసి, తెల్లగా ఆరనిచ్చి, తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. మామూలు సిలికోన్ రకం నెలో రెండు నెలలో నిలుస్తుంది. ఆ పైన మళ్లీ వేయాలి.

వైపర్ రబ్బర్లు ఏటా జూన్ మొదటివారంలో మారుస్తాను, బాగున్నాయనిపించినా సరే. మన మే నెల ఎండకు అవి కర్రల్లా గట్టిపడతాయి. లక్షలు పెట్టి కారు కొని కొన్ని వందల రబ్బరుకు వెనకాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇంకో సంగతి, వానలో అద్దం మసకబారితే ప్రతిసారీ పూతను తిట్టకండి. ఆవిరి లోపల పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదకు తిప్పాలి. బయట పడితే ఏసీ మరీ చల్లగా ఉందన్నమాట, వైపర్‌తో తుడిచి చల్లదనం తగ్గించాలి.

నన్నడిగితే ఈ పూతకు సరైన చోటు ముందద్దం కంటే పక్క కిటికీలు, వాటి బయట ఉండే వెనక చూపు అద్దాలు. అక్కడ వైపర్ లేదు కాబట్టి తెల్లపొర బాధ లేదు. ముందు తలుపుల కిటికీల మీద చుక్కలు గాలికి వెనక్కి జారిపోతాయి, లేన్ మారేటప్పుడు పక్క నుంచి వచ్చే బైకు కనిపిస్తుంది. కిటికీలకు నల్ల ఫిల్ము ఉంటే ముందు అది పీకేయండి. 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్న ఫిల్ముతో వాన రాత్రి పక్కన మనిషి ఉన్నా కనిపించడు. మీ ప్రయాణం ఎప్పుడో రాయలేదు. వారం గడువుంటే ముందద్దం శుభ్రం చేసి పూత వేసుకోండి, ఒక వానలో ఊళ్లో నడిపి చూసి అప్పుడు హైవే ఎక్కండి. రేపే బయలుదేరుతుంటే షాంపూతో కడిగి, రబ్బర్లు మార్చి, పక్క అద్దాలకు మాత్రం పూత వేసి వెళ్లండి.