ఖోఖో మాన్పించాక చదువు నిలవడం లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. పదో తరగతి దాకా ఖోఖో ఆడేది. నీట్ కోచింగ్‌లో చేర్చాక మాన్పించాం. ఇప్పుడు ఎప్పుడు చూసినా పుస్తకాల ముందే ఉంటుంది. కానీ కాసేపటికే తలనొప్పి అంటుంది, చదివింది గుర్తుండడం లేదంటుంది. మళ్లీ కాస్త ఆడనిద్దామంటే వాళ్ల నాన్న ‘ఆ గంట చదివితే నాలుగు మార్కులొస్తాయి’ అంటారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, నేను ఈ జిల్లాలోనే డ్రిల్ సారుగా పనిచేసి రిటైరయ్యాను. మీవారి మాట నాకు కొత్త కాదు. సంక్రాంతి సెలవులు అయిపోతే చాలు, పదో తరగతికి నా పీరియడ్ టైంటేబుల్లో పేరుకే ఉండేది. లెక్కల సారు, సైన్సు సారు పంచుకునేవాళ్లు. భోజనాల తర్వాత ఆ క్లాసులో వెనక బెంచీ చూడాలి మీరు! కళ్లు తెరిచే ఉంటాయి, పెన్ను మాత్రం నోట్సు మీద వంకర గీత గీస్తూ కిందికి జారిపోతుంటుంది. దాన్నీ చదివిన గంట కిందే లెక్కేసుకునేవాళ్లం.

ఆడితే మార్కులొస్తాయని నేను చెప్పను, చదవందే ఏవీ రావు. కానీ ఒంటికి చెమట పట్టినప్పుడు మెదడుకు రక్తం బాగా అందుతుంది. జ్ఞాపకానికి పనికొచ్చే నరాల కణాలను పెంచి పోషించే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ కూడా పెరుగుతుంది. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు పిల్లలను 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరీక్ష పెడితే, ఊరికే కూర్చున్న రోజుకన్నా ధ్యాస, చదివి అర్థం చేసుకోవడం మెరుగ్గా కనిపించాయి. పరీక్షించింది 20 మంది పిల్లలనే, కాబట్టి దీన్ని పట్టుకుని ర్యాంకు గ్యారంటీ అనుకోకండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతా ఒకేసారి చేయనక్కర్లేదు. గ్రౌండ్‌కు పంపడం కుదరకపోతే మిద్దె మీద స్కిప్పింగ్ చాలు. తాడు మధ్యలో కాలు పెట్టి పైకి లాగితే రెండు పిడులూ చంకల దాకా రావాలి, అదే సరైన కొలత. సిమెంటు నేల కాబట్టి బూట్లు వేసుకుని, మునివేళ్ల మీద తేలిగ్గా దిగమనండి. మన కర్నూలు ఎండ సంగతి తెలిసిందే, పొద్దెక్కకముందే అయిపోవాలి. వెంటనే కష్టమనిపించే ఫిజిక్స్ పట్టుకోమనండి. మధ్యమధ్యలో లేచి నాలుగుసార్లు మెట్లెక్కి దిగినా మంచిదే. సెలవు రోజు పాత స్నేహితురాళ్లతో ఖోఖో ఆడుతానంటే మాత్రం అడ్డు చెప్పకండి. ఒంటరిగా తాడు తిప్పడంలో ఆ నవ్వులు ఎక్కడివి?

ఒక్క షరతు. ఈ టైము నిద్రలోంచి కోయకూడదు. ఆ వయసుకు కనీసం 8 గంటల నిద్ర కావాలి. రాత్రి పన్నెండు దాకా చదివించి నాలుగింటికే లేపి ఎక్సర్‌సైజ్ చేయమంటే, ఉన్న జ్ఞాపకమూ పోతుంది.

ఇంకొకటి, తలనొప్పిని చదువు టెన్షనే అని వదిలేయకండి. ముందు కళ్లు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉండడం మామూలే. 12 కన్నా తక్కువుంటే డాక్టర్‌కు చూపించండి. ఐరన్ మాత్రలు రాస్తే, మింగిన వెంటనే టీ తాగనివ్వకండి.