సెల్ సిగ్నల్ లేని నడిసముద్రంలో బోటులోని ట్రాన్స్‌పాండర్ (కబుర్లు పంపే, అందుకునే పరికరం) పనిచేస్తుందా?

పనిచేస్తుంది, ఎందుకంటే అది సెల్ టవర్ మీద కాకుండా ఉపగ్రహం మీద ఆధారపడుతుంది. ఒడ్డు దాటి కాస్త దూరం వెళ్లేసరికి ఫోన్ మూగబోతుంది. ఇస్రో రూపొందించిన ఈ పరికరంతో రెండువైపులా కబురు నడుస్తుంది: తుపాను హెచ్చరిక బోటుకు అందుతుంది, ఆపదలో ఉన్నామన్న కబురు ఒడ్డుకు చేరుతుంది. దేశంలో లక్ష బోట్లకు వీటిని అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌కు వలస వెళ్లిన మన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. నీటి మీద సరిహద్దు గీత కనిపించదు కదా! దగ్గరపడుతున్నామని పరికరం ముందే చెబితే బోటు వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇది మత్స్యకారుల మీద నిఘా కోసమే అనిపించవచ్చు, కానీ తీర భద్రతకూ ఇది ఉపయోగం. 2008లో ముంబైపై దాడికి వచ్చినవాళ్లు వాడుకున్నది చేపల బోటునే. ఈ పరికరం వల్ల మన బోట్లు ఏవో తెలిస్తే పరాయి పడవను గుర్తించడం తేలిక. అయితే అనుమానం వచ్చిన పడవ గురించి చెప్పాల్సింది మాత్రం మనుషులే. సిగ్నల్ ఉన్నచోట తీర పోలీసులకు 1093, కోస్ట్‌గార్డ్‌కు 1554.