మీ ప్రశ్న – మా జవాబు: ఊరి క్లినిక్కి డబ్బులు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ప్రాంతం. చిన్న ట్రస్టు పెట్టుకుని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల కోసం వారానికోసారి క్లినిక్ నడుపుతున్నాం. బీపీ చూస్తాం, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తాం, మందులిస్తాం. ఇన్నాళ్లూ ఖర్చంతా ఒక పెద్దాయనే పెట్టుకున్నారు. ఈమధ్యే ఆయన పోయారు. కంపెనీలకు ఉత్తరాలు రాస్తే జవాబే లేదు. ఏం చేయమంటారు?
– ట్రస్టు కార్యదర్శి, సోంపేట మండలం

జవాబు: కంపెనీల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి, అందులో ఆరోగ్యం కూడా ఉంది, నిజమే. కానీ వాళ్లు ముందు 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు), సీఎస్‌ఆర్-1 (కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి) నమోదు, మూడేళ్ల పని రికార్డు అడుగుతారు, అవన్నీ ఉన్నా చాలామంది తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే ఇస్తారు. కాగితాలు సిద్ధం చేసుకోండి, ఆశ మాత్రం దాని మీదే పెట్టుకోకండి.

ఒక్కరినే నమ్ముకుంటే ఏమవుతుందో మీకిప్పుడు తెలిసొచ్చింది. ఇది చిన్న ట్రస్టుల బాధే అనుకోకండి. 1969లో అనంతపురంలో మొదలైన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) బత్తలపల్లిలో పెద్ద ఆస్పత్రే నడుపుతోంది, స్పెయిన్‌లో మామూలు మనుషులు ఇచ్చే చిన్న చిన్న మొత్తాలే దానికి బలం. అయినా 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ చిక్కుల్లో పడేసరికి ఆ ప్రాంతమంతా టెన్షన్ పడింది. దాతలు ఎంతమంది ఉన్నా డబ్బు ఎక్కువగా ఒకే దారిలో వస్తుంటే ఇదే ఇబ్బంది.

మీకు దగ్గర్లో ఉన్నదెవరు? విశాఖలో, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనిచేస్తున్న ఉద్దానం పిల్లలు. ఇంట్లోనో పక్కింట్లోనో కిడ్నీ రోగిని చూసే ఉంటారు, జబ్బు గురించి మీరు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులు, రిటైరైన టీచర్లు. వీళ్లని ఒకేసారి యాభై వేలు అడక్కండి, నెలకు 300 అడగండి, నెలనెలా దానంతటదే జమయ్యేలా యూపీఐ ఆటోపే పెట్టించండి. 200 మంది ఒప్పుకుంటే నెలకు 60,000. అంతమంది దొరకడానికి ఏడాది పట్టొచ్చు, కంగారు పడకండి. మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు, వాళ్లకి ఫోన్ చేసి కారణం అడగండి, చాలాసార్లు బ్యాంకు ఖాతా మారిందనే చెప్తారు.

అడిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "పలాసలో 2023 డిసెంబరులో ప్రభుత్వం పెద్ద కిడ్నీ ఆస్పత్రే తెరిచింది కదా, ఇంక మీరెందుకు?" దీనికి తడుముకున్నారంటే పైసా రాదు. ఆస్పత్రి తన దగ్గరికి వచ్చినవాళ్లని చూస్తుంది. జబ్బు ముదరకముందు ఒంట్లో పెద్దగా ఏమీ తెలియదు కాబట్టి ఎవరూ అంత దూరం వెళ్లరు, వాళ్లని ఊళ్లోనే పట్టుకుని, బీపీ అదుపులో పెట్టి, అవసరమైనప్పుడు పలాసకు పంపడం మీ పని. ఈ మాట మీ ట్రస్టులో అందరూ ఒకేలా చెప్పగలగాలి. ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని పలాస ఆస్పత్రికి పంపారు, మందులకి ఎంతైంది అని మూడు నెలలకోసారి దాతలకి వాట్సాప్‌లో పంపండి. డయాలసిస్ మంచం మీద పడుకున్న మనిషి ఫోటో మాత్రం పెట్టొద్దు. డబ్బులొస్తాయని ఎవరో చెప్తారు, వినకండి.

పన్ను మినహాయింపు గురించి మరీ ఊదరగొట్టకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 80జీ లాభం రాదు, 2,000 దాటిన నగదుకి ఎవరికీ రాదు. రసీదు మాత్రం పది రూపాయలకైనా ఇవ్వండి.

ప్రశ్న: మా ట్రస్టుకి మా బావమరిది డాలర్లు పంపుతానంటున్నాడు. అమెరికా పౌరసత్వం వచ్చేసింది. నా సొంత ఖాతాలో వేయించుకుని ట్రస్టుకి ఇస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదండీ, చిక్కుల్లో పడతారు. పౌరసత్వం మారితే ఆయనిచ్చేది విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా అంతే, అక్కడి తెలుగు సంఘం ద్వారా పంపినా అంతే. బంధువు ఖర్చులకని పంపిన డబ్బుని ట్రస్టుకి మళ్లించడం దొడ్డిదారి కిందికే వస్తుంది. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత లేకపోతే ఫలానా దాత నుంచి ఫలానా పనికి అని ముందస్తు అనుమతి అడగొచ్చు. దుబాయ్‌లో భారత పాస్‌పోర్టుతో ఉన్న మీ తమ్ముడో స్నేహితుడో సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవే లేదు, పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: విరాళాలు తెచ్చిపెడతానని ఒకతను వచ్చాడు, వచ్చినదాంట్లో 20 శాతం అడుగుతున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఆస్పత్రి కమిటీ సభ్యురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దమ్మా. 500 ఇచ్చినాయనకి అందులో 100 మధ్యవర్తికి పోయిందని తెలిస్తే మళ్లీ ఇస్తాడా? పైగా దాతల ఫోన్ నంబర్లన్నీ అతని దగ్గరే ఉండిపోతాయి, అతను వెళ్లిపోతే అవీ పోతాయి. ఆ డబ్బుతో మీ ఊళ్లోనే బీకాం చదివిన అమ్మాయిని వారానికి రెండు రోజులు జీతానికి పెట్టుకోండి. దాతల జాబితా, రసీదులు, ఫోన్లు, ఆడిటర్‌కి లెక్కలు ఆమె చూసుకుంటుంది. మొదటి ఏడాది ఆమె జీతానికి సరిపడా కూడా రాకపోవచ్చు, ఆ సంగతి కమిటీకి ముందే చెప్పి ఒప్పించండి.