రిసెప్షన్‌లో పనిచేస్తూ రచయితకు కథ చూపించవచ్చా?

మీ హోటల్లో దిగిన కథారచయితకు మీ కథలు చూపించాలని ఉంది, మేనేజర్ ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది అన్నారు. తప్పకుండా చూపించండి. చెక్ ఇన్ అప్పుడు మాత్రం వద్దు. ప్రయాణం చేసి వచ్చిన మనిషికి అప్పుడు కావలసింది గది తాళం, వేడినీళ్ళు.

నేను విజయవాడ గాంధీనగర్‌లో ఒక లాడ్జి రిసెప్షన్‌లో నాలుగేళ్ళు చేశాను. జనవరిలో పుస్తక మహోత్సవం రోజుల్లో రచయితలు, బొమ్మలు వేసేవాళ్ళు దిగేవారు. ఒకసారి రిజిస్టర్‌లోంచి ఒక కవిగారి నంబరు రాసుకుని, ఆయన ఊరెళ్ళాక ఫోన్ చేశాను. "ఈ నంబరు మీకెవరిచ్చారమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే, ఏ పనికి తీసుకున్న వివరాలు ఆ పనికే వాడాలి. మీ హోటల్లో ఆ రచయిత దిగిన సంగతి స్నేహితులకు కూడా చెప్పకండి.

పొద్దున టిఫిన్ చేసి పేపరు కోసం లాబీలోకి వస్తారు చూడండి, అదే సమయం. ఆయన కథల్లో మీకు నచ్చిన ఒక్కదాని గురించి రెండు ముక్కలు చెప్పండి. ఒక చిత్రకారుడితో నేనలా మాట కలిపితే, జేబులోంచి పెన్ను తీసి బిల్లు వెనక మా తాళాల బోర్డు గీసి ఇచ్చారు. ఏడో కొక్కెం ఖాళీగా ఉంది. అది ఆయన గదే.

డ్యూటీ దిగాక మాట్లాడతానని ముందే మేనేజర్‌తో చెప్పండి, చాలామంది కాదనరు. కథ ఒక్కటే ఇవ్వండి, నాలుగు పేజీలు దాటకుండా. చివర మీ నంబరు రాయండి, ఆయన నంబరు అడగకండి.